ఎపిఫానియా గట్టు

దోన్యా ఎపిఫానియా రోజూ తెల్లారగానే మూడు పనులు చేసేది. ముందు గుమ్మంలో నిలబడి సిలువ గుర్తు వేసుకునేది. తర్వాత చేను గట్టు మీది మగేయ్ మొక్కల దగ్గరికి వెళ్లేది. కిత్తనారలాగే ముళ్ల ఆకులతో మనిషెత్తు పెరిగే మొక్కలవి. ముదిరిన మొక్క నడుమ తొలిచిన గుంటలో ఊరిన తీపినీళ్లను పొడుగాటి సొరబుర్రతో పీల్చి, గుంటను మళ్లీ గీకి, పైన రాయి మూసేది. మూడోది, ఆ నీళ్లు ఒక కూజాడు తీసుకెళ్లి పక్క చేను దోన్ నికాసియో గేటు దగ్గర పెట్టి, పది అడుగులు వెనక్కి వచ్చి, ఆయన్ని తిట్టడం మొదలుపెట్టేది.

తిట్లకు కారణం గట్టు. కూజాకు కారణం నికాసియో భార్య పెత్రా. ఆమెకు మూత్రపిండాల జబ్బు. ఆ నీళ్లు తాగిన రోజు ఒంట్లో కాస్త తేలిగ్గా ఉండేదట. ఈ రెండు సంగతులకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదని ఎపిఫానియా లెక్క. సాయంత్రానికి కూజా కడిగి తిరిగి వచ్చేది. మా ఊళ్లో గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు కాబట్టి అందులో రెండు గుడ్లో, గుమ్మడిపూలో, గుడ్డలో చుట్టిన వేడి రొట్టెలో ఉండేవి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నికాసియో పెద్దకూతురి జ్ఞానస్నానానికి బిడ్డను ఎత్తుకుని నిలబడింది ఎపిఫానియానే. అప్పట్నుంచి ఆయన ఆమెకు కొంపాద్రే, ఆమె ఆయనకు కొమాద్రే. దేవుడి ముందు కలిసిన వరస తెగదు. ఆ వరసవాళ్లను నువ్వు అని పిలిస్తే పాపం. అందువల్ల ఇరవైమూడేళ్ల తిట్లన్నీ మర్యాదగానే నడిచాయి.

"కొంపాద్రే, తమరి తలకాయలో అలసందలు తప్ప ఇంకేం లేవండీ" అనేది ఆమె.

"ఉండేవండీ కొమాద్రే, మొన్న మీ టర్కీ కోళ్లు వచ్చి అవీ తినిపోయాయి" అని లోపల్నుంచి వినబడేది.

రెండు చేల మధ్య గట్టు మీది మొక్కల్ని తన తండ్రి నాటాడంటాడు ఆయన. నాటిందెవరైనా పెంచింది తన భర్తేనంటుంది ఆమె. ఏటా మా ఉమ్మడి భూముల సభలో నికాసియో లేచి ఆ గట్టు తనదని ఫిర్యాదు చేసేవాడు. రాసి రాసి విసిగిన కార్యదర్శి కొన్నేళ్లుగా పుస్తకంలో "నికాసియో ఫిర్యాదు, పోయినేటిదే" అని మాత్రం రాస్తున్నాడు.

అలా ఉండగా నగరం పాకుతూ పాకుతూ మా శాన్ లూకాస్ దాకా వచ్చింది. రింగు రోడ్డుకు మా చేలన్నీ పోతాయన్నారు. ఎంత మొత్తుకున్నా రోడ్డు వంగలేదు. మాకు ఏడు కిలోమీటర్ల అవతల కొత్త కాలనీ ఇస్తామన్నారు. పంట ఉన్నవాళ్లకు పెరడున్న ఇల్లు, పంట లేనివాళ్లకు మూడో అంతస్తులో రెండు గదులు.

సర్వే చేయడానికి బెర్నాల్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. నెమ్మదైనవాడు, చెప్పులు బయట విడిచి మరీ కబుర్లకు కూర్చునేవాడు. చేలో ఏం వేశారమ్మా అని అడిగితే, మొక్కజొన్న వేశాను నాయనా, వడగళ్లకు పోయింది అని చెప్పింది ఎపిఫానియా. మరి ఈ మొక్కలేమిటన్నాడు. అది గట్టు అంది. ఆమె స్థానంలో నేనున్నా అదే అందును. మా ఊళ్లో చేను లోపల ఉన్నదే పంట, గట్టు మీది మగేయ్ గట్టే. దాని నీళ్లు తాగి పెరిగిన మేము కూడా దాన్ని ఏనాడూ పంటలో కలపలేదు. బెర్నాల్ కాగితం మీద రాసుకున్నాడు: పంట లేదు, కంచె ఉంది.

పేర్లు గుడి గోడకు అంటించాక ఎపిఫానియాకు మూడో అంతస్తు వచ్చిందని తెలిసింది. నాకు మట్టి లేకపోతే ఎలా, టర్కీలకు మెట్లెక్కడం ఎవరు నేర్పుతారు అని నెమ్మదిగా అంది. అందరం నవ్వాం గానీ ఆమె నవ్వలేదు.

మూడు సోమవారాలు ఆఫీసుకు తిరిగింది. కంచె పంట కాదన్నారు. పోనీ మీ ఇంటి కంచె పొద్దుటా సాయంత్రం తాగడానికి ఏమిస్తుందని అడిగింది ఆమె. ఆఖరికి బెర్నాల్ పాపం తప్పు తనదేననుకుని మళ్లీ వచ్చాడు. నూరు మొక్కలుంటే తోట కింద రాస్తానన్నాడు. వేళ్లకు ముళ్లు గుచ్చుకుంటున్నా వదలకుండా నాలుగు గట్లూ తిరిగి లెక్కపెట్టాడు. నూట ముప్ఫై ఎనిమిది. ఆమె మొహం విప్పారింది. అప్పుడు సభ పుస్తకం తిరగేశాడు. అరవై ఒక్క మొక్కలున్న గట్టు మీద ఇరవైమూడేళ్ల ఫిర్యాదు ఉంది. అది తీసేస్తే మిగిలేది డెబ్బై ఏడు.

నికాసియో సభలో ఆ గట్టు వదులుకుంటేనే అవుతుందన్నాడు బెర్నాల్. వెళ్లి ఒక్క మాట అడగమని మేమంతా ఆమెకు చెప్పాం. ఆయనకేం, అల్ఫాల్ఫా గడ్డి వేశాడు, పెరడు ఇల్లు వచ్చేసింది. ఆమె వినలేదు. అడిగితే ఇన్నేళ్ల తిట్లూ వెనక్కి తీసుకున్నట్టే కదా అంది. మర్నాడు పొద్దున కూజా పెట్టింది, తిట్టింది. కాకపోతే ఆ రోజు తిట్లు పొట్టిగా ఉన్నాయి.

ఆదివారం పూజయ్యాక సభ జరిగింది. ఎపిఫానియా వెనక బెంచీ మీద జపమాల పట్టుకుని కూర్చుంది. నికాసియో అలవాటు ప్రకారం టోపీ తీసి లేచాడు. కార్యదర్శి కూడా అలవాటు ప్రకారం రాయడం మొదలుపెట్టాడు.

"ఆ గట్టు మా నాన్న నాటాడు" అన్నాడు నికాసియో. "నిన్నా అన్నాను, ఇవాళా అంటాను, కాటికెళ్లే దారిలో కూడా అంటాను."

బెర్నాల్ కలం కింద పెట్టేశాడు.

"అయితే ఇంజనీరుగారూ, మీ కాగితంలో కంచెకో గడి, పంటకో గడి ఉన్నాయి కదా. కంచె నా పేర రాయండి. దాన్ని గీకి నీళ్లు తీసేది మా కొమాద్రే, నేను ఏనాడూ గీకలేదు. పెత్రా రోజూ తాగుతున్నది ఆ చేతి నీళ్లే. పంట ఆమె పేర రాయండి."

అలా రాయొచ్చా అని బెర్నాల్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. రాయకూడదని ఎక్కడా లేదు. రాశాడు. కార్యదర్శి మాత్రం అప్పటికే "పోయినేటిదే" అని రాసేసి ఉన్నాడు, కొట్టేయడానికి బద్ధకించాడు. వెనక బెంచీ మీద ఎపిఫానియా తల ఎత్తలేదు. జపమాలలో ఒక్క పూస దగ్గరే చాలాసేపు ఆగిపోయింది.

కొత్త కాలనీలో ఆమెకు పెరడు వచ్చింది. పెద్ద మగేయ్‌లు కదలవు, వాటి చుట్టూ లేచిన పిలకల్ని తవ్వి తీసుకెళ్లాలి. తొంభై పిలకలు పెళ్లగించి గోనెల్లో సర్దింది. మర్నాడు పొద్దున నికాసియో గేటు దగ్గర పది అడుగులు వెనక్కి రాలేదు. గేటు కొట్టింది. ఆయన తలుపు తీసి, తిట్లు వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"కొంపాద్రే, శనివారానికి మీ గాడిదలు రెండూ కావాలండీ" అంది. ఆయన ఏదో అనబోయేలోగా చెయ్యెత్తి ఆపింది. "అవి నా మాట వినవు, అచ్చం మీ పోలికే. అందుకని మీరూ వాటితో రావాలి."