కదలని బండి తాగిన పెట్రోలు

పెట్రోలు బంకు పక్కన టైర్లకు గాలి కొట్టే షెడ్డు నాది. నా షెడ్డుకీ రోడ్డుకీ మధ్య ఉన్న జాగాలో ఒక పాత వ్యాను నిలబడి ఉంటుంది. అందులో కూర్చుని బళ్ళకు పొగ పరీక్ష చేసే మనిషిని డ్రైవర్లందరూ పొగక్క అంటారు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళైన లారీ డ్రైవర్లు కూడా అక్కా అనే పిలుస్తారు. నేను మాత్రం అమ్మాయ్ అంటాను, ఆమె నన్ను బాబాయ్ అంటుంది. ఒకే రోడ్డు దుమ్ము తినడం తప్ప మా మధ్య వేరే చుట్టరికం లేదు.

పొగక్కది ముక్కుసూటి వ్యవహారం. బండి వెనక గొట్టంలో సన్నని పైపు దూరుస్తుంది, ఇంజను తిప్పమంటుంది, తెర మీద అంకెలు చూస్తుంది. విషవాయువు హద్దు దాటకపోతే సర్టిఫికెట్, దాటితే బండి తిరిగి మెకానిక్ దగ్గరికి. "కాస్త చూసీ చూడనట్టు పోనీ అక్కా" అని ఎవరైనా నసిగితే, "చూడ్డానికే కదా నన్నిక్కడ కూర్చోబెట్టింది" అంటుంది. కోపంగా కూడా అనదు. అందుకే ఆమెతో ఎవరూ గొడవ పడలేరు. నాకైతే కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి నాతో అందరూ పడతారు.

ఆ వ్యాను సంగతి ఒకటి చెప్పాలి. పరీక్ష యంత్రం, కంప్యూటరు, ఫ్యాను, అన్నీ వ్యాను బ్యాటరీ మీదే నడుస్తాయి. బ్యాటరీ దిగిపోకుండా పొద్దున వచ్చినప్పటి నుంచి ఇంజను ఆన్‌లోనే ఉంటుంది. అది సరే, పని కోసం. కానీ సాయంత్రం యంత్రం కట్టేసి, పైపు చుట్టేసి, తలుపు వేసుకున్నాక కూడా ఆమె ఇంజను ఆపేది కాదు. స్టీరింగు ముందు చేతులు కట్టుకుని అలాగే కూర్చునేది. నేను షెడ్డు మూసి వెళ్తూ చెయ్యి ఊపితే తనూ ఊపేది. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉండేది.

నాకు అది అర్థమయ్యేది కాదు. మా ఇంట్లో మనుషులు ఎక్కువ, గదులు తక్కువ. ఆలస్యంగా వెళితే కంచం దొరుకుతుంది గానీ కూర్చునే చోటు దొరకదు. అందుకని పని అవగానే నేను ఇంటికి పరుగు. ఆమెది ఒక అద్దె గది. భర్తతో ఎప్పుడో విడిపోయింది. ఒకసారి ఆ మాట ఎత్తితే, "ఆ బండికి పరీక్ష ఎప్పుడో అయిపోయింది బాబాయ్" అని నవ్వేసి, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మళ్ళీ ఎత్తడానికి నాకూ నోరు రాలేదు.

గుమాస్తా గారు మా దగ్గరికి వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చిన్న తెల్ల కారు. కారును చూస్తే ఒంటి మీద గీత లేదు. తెర మీద అంకెలు మాత్రం హద్దు దాటి ఎక్కడికో పోయాయి.

"ఫెయిలండీ" అంది పొగక్క.

ఆయన కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. "ఈ నెలాఖరుకి పాత సర్టిఫికెట్ గడువైపోతుందమ్మా. మైలేజీ కూడా సగానికి సగం పడిపోయింది. ఈసారి పరీక్ష పాసవకపోతే అమ్మేద్దాం నాన్నా అంటోంది మా అమ్మాయి. తిండి దండగ బండి అని మా అల్లుడి మాట. అమ్మేస్తే..." అని ఆగిపోయాడు. అమ్మేస్తే ఏమవుతుందో ఆ రోజు చెప్పలేదు.

నా దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు. "టైర్లలో గాలి తక్కువుంటే బండి ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఎంతమందికి చెప్పినా తలకెక్కదు" అని నాలుగు టైర్లూ చూసి గాలి నింపాను. పొగక్క ఆయన్ని మెకానిక్ దగ్గరికి పంపింది. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, గొట్టాలన్నీ తడిమి చూశాడు. గుమాస్తా గారు మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఫెయిల్. ఇంకోసారి వచ్చారు. కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు పాపం పెద్దాయన అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, వచ్చినప్పుడల్లా ఆయన మొహంలో కాస్త సంబరం కూడా కనిపించేది. పొగక్క ఆయనకు వ్యాను నీడలో స్టూలు వేసేది.

మూడోసారి ఆమె మెకానిక్ తీసేసిన పాత ప్లగ్గులు తెమ్మంది. చూస్తే నల్లగా మసి, చేత్తో ముట్టుకుంటే అంటుకునేంత.

"చూడండి. ఇంజనుకు పెట్రోలు ఎంత పొయ్యాలో చెప్పడానికి పొగదారిలో ఒక సెన్సర్ ఉంటుంది. పొగలో మండకుండా మిగిలిన గాలిని చూసి అది కబురు పంపుతుంది. దాని మీద మసి పట్టిందనుకోండి, కబురు తప్పుగా పోతుంది, ఇంజను అవసరం లేని పెట్రోలు తాగుతుంది. ఆ పైన, సైలెన్సర్‌కి ముందు ఒక డబ్బా ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నని గదులు. విషపు గాలిని మామూలు గాలిగా మార్చే పని దానిది. కానీ బాగా వేడెక్కితేనే అది పని చేస్తుంది. మీ బండిలో అది వేడెక్కుతున్నట్టు లేదు. మీరు ఎంత దూరం తిప్పుతారు?"

"కూరగాయల బజారు దాకా. అదీ ఎప్పుడో ఒకసారి."

ఆమె మీటరు చూసింది, కిందటి పరీక్షప్పటి అంకెతో పోల్చింది. బండి దాదాపు కదల్లేదు. నేను వెంటనే విషయం తేల్చేశాను. "కదలని బండిలో పెట్రోలు అయిపోతోందంటే దొంగతనమే. ఎవడో ట్యాంకులో పైపు పెట్టి లాగేస్తున్నాడు."

"దొంగైతే పెట్రోలు పట్టుకుపోతాడు బాబాయ్, ప్లగ్గులకి మసి పూసిపోడు కదా" అంది పొగక్క. తర్వాత గుమాస్తా గారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "బండి నిలబెట్టి ఇంజను నడుపుతారా?"

ఆయన స్టూలు మీద అటూ ఇటూ సర్దుకున్నాడు. ఆమె తొందర పెట్టలేదు.

"మా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో కూర్చుంటానమ్మా. మధ్యాహ్నం పూట, ఒక్కోసారి సాయంత్రం కూడా. రేడియో పెట్టుకుంటే బ్యాటరీ దిగిపోతుందని మొదట ఇంజను వేసేవాణ్ణి. ఇప్పుడు రేడియో కూడా పెట్టడం లేదు."

పొగక్క మొహం పాలిపోయింది. "తలుపులు మూసిన పార్కింగా?"

"కాదు కాదు, నాలుగు వైపులా గాలే."

ఆమె ఊపిరి తీసుకుంది. "మూసిన చోట మాత్రం ఎప్పుడూ కూర్చోకండి. ఆ పొగకి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది."

"అలాంటి ఉద్దేశమేం లేదమ్మా" అన్నాడాయన మెల్లగా. "ఇంట్లో అందరూ ఉంటారు. అందరూ మంచివాళ్ళే. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి పని వాళ్ళది. నేను హాల్లో కూర్చుంటే, నా పక్క నుంచే నడిచి వెళ్తారు. మా ఆవిడ పోయాక ఇంట్లో నాకని మాట్లాడే గొంతు లేదు. ఈ కార్లో కూర్చుంటే ఇంజను చప్పుడు ఉంటుంది కదా, పక్కన ఎవరో ఉన్నట్టు ఉంటుంది. ఆపేస్తే..."

"ఆపేస్తే చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం" అంది పొగక్క.

ఆయన తలెత్తి చూశాడు. నేనూ చూశాను. ఆమె ఇద్దరి వైపూ చూడకుండా వ్యాను వైపు చూస్తోంది. వ్యాను ఎప్పటిలాగే నిలబడ్డ చోట గుడగుడమంటోంది. ఇన్నేళ్ళు రోజూ చెయ్యి ఊపి వెళ్ళిపోయానే గానీ, ఆ అమ్మాయి ఎందుకలా కూర్చుంటుందో ఒక్కనాడూ అడగాలనిపించలేదు.

"ఈ మాట మీ అమ్మాయి చెవిన వెయ్యచ్చు కదండీ" అన్నాను గుమాస్తా గారితో.

"ఏమని వెయ్యను? ఇంటి నిండా మేమున్నా నీకు ఒంటరిగా ఉందా అని అది బాధపడుతుంది. బాధపడి రోజూ వచ్చి పక్కన కూర్చుంటుంది, గడియారం చూసుకుంటూ. అది నేను చూడలేను."

ఆయన వెళ్ళాక పొగక్క నన్ను పిలిచి వ్యాను డ్రైవరు సీట్లో కూర్చోమంది. "నేను చెప్పినప్పుడు యాక్సిలరేటర్ తొక్కు" అని తన పైపు తీసుకెళ్ళి తన వ్యాను వెనక గొట్టంలోనే దూర్చింది. ఊరందరి బళ్ళూ పరీక్షించే వ్యానును ఎవరు పరీక్షిస్తారు? నడవని బండిని ఎవరూ ఆపరు, అడగరు. ఆమెకీ ఆ ఆలోచన రాలేదు. నేను తొక్కాను. ఆమె తెర మీదికి వంగి అంకెలు రెండుసార్లు చూసుకుంది.

"ఏంటమ్మాయ్?"

"గుమాస్తా గారి బండే నయం బాబాయ్."

నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాను.

మర్నాడు గుమాస్తా గారిని పిలిపించి చెప్పింది. "దీనికి మందు మెకానిక్ దగ్గర లేదండీ. పెద్ద రోడ్డెక్కి ఆగకుండా ఒకే వేగంతో చాలా దూరం పోనివ్వాలి. అప్పుడు డబ్బా బాగా వేడెక్కి లోపలి మసి కాలిపోతుంది, సెన్సరూ శుభ్రపడుతుంది. ఎక్కడికైనా వెళ్ళి రండి."

"నాకు వెళ్ళే చోటేదీ లేదమ్మా" అన్నాడాయన.

"చోటక్కర్లేదు. టోలు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరగండి. నేనూ వస్తాను, నా బండికీ అదే మందు."

నా నోరు ఆగలేదు. "ఇద్దరూ ఒకే కార్లో పోతే కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు కదా" అన్నాను.

"రెండు బళ్ళకీ జబ్బుంటే ఒకదానికే మందేస్తే ఎలా బాబాయ్?"

అలా ఒక పొద్దున రెండు బళ్ళూ బయలుదేరాయి. ముందు తెల్ల కారు, వెనక వ్యాను. కార్లో ఒక్క మనిషి, వ్యానులో ఒక్క మనిషి. వాళ్ళు వచ్చేదాకా నాకు పని మీద మనసు నిలవలేదు. వచ్చేసరికి గుమాస్తా గారి జుట్టు చెదిరి ఉంది, మొహం మాత్రం కళకళలాడుతోంది. "అద్దంలో చూస్తే నువ్వు కనిపిస్తూనే ఉన్నావమ్మా" అన్నాడు ఆమెతో. అంత దూరం పోయి వచ్చి ఆయన చెప్పిన కబురు అదొక్కటే.

అలా ఇంకా కొన్నిసార్లు వెళ్ళారు. నెలాఖరుకి తెల్ల కారు పాసైంది. మైలేజీ కూడా తిరిగొచ్చింది. పొగక్క సర్టిఫికెట్ చేతికిస్తే ఆయన మడత పెట్టలేదు, పట్టుకుని నిలబడ్డాడు. "అయితే ఇక చాన్నాళ్ళు నాకిక్కడ పని లేదన్నమాట."

"ఎందుకు లేదు? మళ్ళీ నిలబెట్టి నడిపితే మళ్ళీ మసే. వారానికోసారి పరుగెత్తించాల్సిందే. ఆదివారం పొద్దున్నే రండి" అంది పొగక్క.

ఆ ఆదివారం ఆమె నా కంటే ముందే వచ్చింది. వ్యాను అద్దాలు తుడిచింది. రోడ్డు వైపు చూస్తూ, నాతో మాట్లాడుతూ, మళ్ళీ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. తెల్ల కారు రాలేదు. ఎండ షెడ్డు లోపలికి వచ్చేవేళకి గుమాస్తా గారు వచ్చారు, నడుచుకుంటూ. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి వీపుకి అంటుకుంది.

"అమ్మేశారు" అన్నాడు. "పొగ పాసైంది, మైలేజీ బాగుంది, ఇంత మంచి బేరం మళ్ళీ రాదు నాన్నా అంది మా అమ్మాయి. నాకు చూపు తగ్గుతోందని దాని భయం. తప్పు పట్టలేను. కొనుక్కున్నాయన సర్టిఫికెట్ చూసి మారుమాట లేకుండా తీసుకుపోయాడు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. వాళ్ళమ్మాయి తప్పు లేదు, కొన్నాయన తప్పు లేదు. బండి బాగుపడింది కాబట్టే పోయింది. బాగు చేసిన మనిషి వ్యాను పక్కన నిలబడి ఉంది, ఆమె కళ్ళు చూస్తే నాకే ఏడుపొచ్చేలా ఉంది.

"నిన్న మధ్యాహ్నం అలవాటుగా పార్కింగులోకి దిగానమ్మా" అన్నాడాయన. "కారుండే చోట కాసేపు నిలబడ్డాను. ఎవరైనా చూస్తారని పైకి వెళ్ళిపోయాను. నీకు చెప్పకపోతే ఎదురు చూస్తావని వచ్చాను. నువ్వు వెళ్ళిరా, నీ బండికి మందు తప్పకూడదు."

ఆమె వ్యాను ఎడమ తలుపు తీసింది. ఆ సీటులో ఎన్నేళ్ళుగానో మనిషి కూర్చోలేదు. అక్కడ పరీక్ష యంత్రాన్ని నట్లతో బిగించి పెట్టింది. నా దగ్గర స్పానర్ అడిగి తీసుకుంది. నట్లు తుప్పుపట్టి ఓ పట్టాన ఊడలేదు. నేను సాయం చెయ్యబోతే వద్దంది, తనే విప్పింది. యంత్రాన్ని ఎత్తి వెనక పెట్టి, సీటు మీది దుమ్ము చీర కొంగుతో దులిపింది.

"రండి" అంది. "ఇక్కడే కూర్చుని ఇంజను వింటూ ఉంటే మళ్ళీ మసి పడుతుంది."

గుమాస్తా గారు ఎక్కడానికి కాస్త ఇబ్బంది పడ్డారు, మెట్టు ఎత్తు. నేను చెయ్యి అందించాను. ఆయన కూర్చున్నాక బండి ఎడమ వైపు కొంచెం ఒరిగింది.

"ఆగమ్మాయ్" అని గాలి పైపు లాక్కొచ్చాను. ముందు ఎడమ టైరులో గాలి సరిగ్గానే ఉంది, ఒక్క మనిషి నడిపే బండికి ఎంతుండాలో అంతే. ఇప్పుడు ఇద్దరున్నారు కదా అని ఇంకాస్త కొట్టాను.