దూడ ఎక్కిన ట్రాక్టరు

నిన్న మదనపల్లె బస్టాండులో టీ తాగుతుంటే అందరి ఫోన్లూ ఒక్కసారిగా కుయ్యోమన్నాయి. భారీ వర్షాలట, లోతట్టు ప్రాంతాలవారు సురక్షిత ప్రాంతాలకు వెళ్లాలట. పక్కనున్న పెద్దాయన ఫోన్ జేబులోకి తోసి ఇంకో బన్ను అడిగాడు. నాకు మాత్రం పుంగనూరు దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె కదలాలంటే ఈ మెసేజ్ ఆమె ఆవుకు పంపాలి.

కొన్నేళ్ల కిందట ఒక వాన మా సీమకు దారి తప్పినట్టు వచ్చింది. ఎండిన చెరువు నిండిందని జనం హారతిచ్చి సెల్ఫీలు దిగారు. మర్నాడు అదే చెరువు కట్ట కారుతోంది, ఊరు ఖాళీ చేయమన్నారు. మిట్ట మీది బడిలో పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, దుప్పట్లు సిద్ధం. ఇంత చక్కని ఏర్పాటు మా ఇంట్లో పెళ్లికి కూడా జరగలేదు. అత్తను ట్రాక్టరెక్కించి బడిలో దింపింది నేనే. ఊరిని కాపాడినవాడిలా రెండో పొట్లం విప్పేసరికి ఆమె చోటు ఖాళీ.

ఎక్కడికెళ్లిందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఆమె పుంగనూరు ఆవు ఈని వారం కూడా కాలేదు. ఎత్తు నా నడుము దాకా, పొగరు నా నెత్తి దాకా. ట్రాక్టరు మనుషులకే అన్నారు కనుక ఆవునూ దూడనూ కొట్టంలో కట్టేసి వచ్చాం. ఇల్లు విడిచేటప్పుడు మావాళ్లు పశువుల్ని విప్పి వదలరు. ఎవరి చేలోనైనా పడతాయని ముడి మళ్లీ లాగి చూసి మరీ వస్తారు. వరదొస్తోందని తెలిసినా ఊరందరి చేతులూ అదే పని చేశాయి.

రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చిన సారూ నేనూ ట్రాక్టరులో వంక దాటేసరికి నీళ్లు కొట్టం గడప తాకుతున్నాయి. అత్త గడ్డి విదిలిస్తోంది.

“అత్తా, కట్ట తెగితే గడ్డితో సహా పోతావు.”

“ఈనిన గొడ్డురా ఇది. మీ పొట్లాల్లో దీనికేం పెట్టినారో సూపీ.”

“ప్రాణం ముఖ్యం గదమ్మా,” అన్నాడు సారు.

“దానికీ ప్రాణమే గదా సార్ ఉండేది. మీరు పోండప్పా, నేనీడే ఉంటా.”

నా దగ్గరున్న వాదనలన్నీ అయిపోయాయి. ఉన్నదే ఒకటి. దూడను ఎత్తి ట్రాక్టరులో వేశాను. అది అరిచింది, ఆవు పలుపు గుంజింది, అత్త ముడి విప్పింది. ఆవు పొట్టిది కాబట్టి అందరం తోస్తే ఎక్కింది, నా కాలు తొక్కి మరీ. సారు “రూల్సు...” అని మొదలుపెట్టి, నీళ్లవైపు చూసి, తోక పట్టుకున్నాడు. అత్త ఎవరూ పిలవకుండానే ఎక్కింది.

మేం బడి చేరిన కాసేపటికి కట్ట తెగింది. మనుషులందరూ మిగిలారు. ఊళ్లో కట్టేసిన పశువులు కట్టేసినచోటే పోయాయి. ఆ సాయంత్రం పులిహోర ఎవరూ ముట్టలేదు, నాకూ జోకు రాలేదు. మూడో పూటకు కుప్పం నుంచి ఎవరో దాతలు లారీ నిండా గడ్డి పంపారు. తినడానికి వరండాలో మా ఆవు ఒక్కటే ఉంది.

ఇప్పుడు మా పల్లెలో వాన హెచ్చరిక రాగానే మైకులో ముందు చెప్పేది పలుపులు విప్పమని. మొదటి ట్రాక్టరు గొడ్లకే.

బస్టాండు నుంచే అత్తకు ఫోన్ చేశాను.

“మెసేజ్ వచ్చిందా?”

“వచ్చిందిలే. దూడనెక్కిచ్చినాను, నేనూ పోతాండాను. నువ్వు యాల అరుస్తాండావు?”

ఆ దూడ ఇది కాదు. ఆనాటి దూడకే ఇప్పుడు దూడ పుట్టింది. ముడి విప్పడానికి నిమిషం పట్టదు. ఆ సంగతి ఆనాడు మాకు తెలిసేసరికి ఊరి కొట్టాలన్నీ ఖాళీ అయ్యాయి.