సారు పోసిన మడుగు

మా ఊరి వాగు ఎండాకాలంలో తెగిపోతుంది. నీళ్లు ఇంకి ఇంకి చివరికి పెద్దబండ కింద ఒక్క మడుగు మిగులుతుంది. వాగులో బతికిన చేపలన్నీ అందులోకే చేరతాయి. కొర్రమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగెలు, ఇంకా మేం పేరు కూడా పెట్టని చిన్నాచితకా. వానలు పడి కొత్తనీరు రాగానే అవే పైకి ఎక్కి గుడ్లు పెడతాయి. ఆ మడుగు పోతే వాగు పోయినట్టే. ఈ సంగతి మా కోయ ఊళ్లో నడక నేర్చిన ప్రతివాళ్లకూ తెలుసు.

అందుకే అక్కడ ఎవరూ వల వేయరు. విత్తనాల పండుగ నాడు మాత్రం ఊరంతా దిగి చేతులతో, బుట్టలతో పడతాం. గుడ్డుతో ఉన్నది దొరికితే వదిలేస్తాం. ఎండలు ముదిరే ముందు బండ మీద ఇప్పసారా పోసినవాడే ఆ ఏటి మడుగు పెద్ద. కొత్తవాళ్లెవరైనా వల పట్టుకుని వస్తే ఆయన కేకేస్తాడు, ఊరంతా కర్రలతో దిగుతుంది. ఆయన పిలవకపోతే ఎవరూ కదలరు, కదిలితే ఆయనను అవమానించినట్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పెద్ద మా నాయనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చేపల మీద పనిచేసే ఆఫీసరొకాయన భద్రాచలం నుంచి జీపులో వచ్చాడు. మంచివాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. సముద్రంలో పగడపు దిబ్బలుంటాయని, రకరకాల చేపలు వాటి సందుల్లోనే పెరుగుతాయని, అక్కడ వేట ఆపితే చుట్టూ ఉన్న సముద్రం కూడా నిండుతుందని చెప్పాడు.

"గదే కద సారూ, మేం చేస్తున్నది!" అన్నాడు నాయన. ఆయన మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

మడుగును రక్షిత ప్రాంతం చేస్తామన్నారు. చేపలకు చదువొచ్చినట్టు ఒడ్డున బోర్డు పాతారు. ఆ రోజు నాయన సంతోషం పట్టలేక, ఆ ఏడు తను పోయాల్సిన సారా ఉన్న ఆకుదొప్పను మర్యాదకు ఆఫీసరు చేతికిచ్చాడు. ఆయన అదేదో పూజ అనుకుని భక్తిగా బండ మీద పోశాడు. ఫోటోలు కూడా దిగాడు.

ఇంటికొచ్చాక అమ్మ విరుచుకుపడింది. "సారుతోని పోయించినవ్ గద, ఇగ ఆయనే పెద్ద. రేపు ఎవరన్న వస్తే మనల్ని పిలిచేదెవరు?"

"సదువుకున్నోడు, సూసుకుంటడు లే" అన్నాడు నాయన.

ఎండలు ముదిరాయి. ఓ పొద్దున తునికాకు కోతకు పోయిన అమ్మ పరుగున వచ్చింది. రెండు మోటారుబండ్ల మీద ఎవరో వచ్చారని, పత్తికి కొట్టే మందు డబ్బాలు మడుగు దగ్గర దించుతున్నారని చెప్పింది. నాయన గొడ్డలి అందుకుని వాకిట్లోకి వచ్చాడు. పక్కిళ్లవాళ్లు ఆయన వైపే చూస్తున్నారు. ఒక్క కేక వేస్తే చాలు. నాయన నోరు తెరిచి, మూసుకున్నాడు.

"నేను పెద్దను కాదు. సారే పిలవాలె" అన్నాడు.

గొడ్డలి గోడకు ఆనించి, సారును తీసుకొస్తానని బస్సు రోడ్డుకు పరుగెత్తాడు. మడుగు అంతకంటే దగ్గర. నాకు ఇప్పటికీ కోపమే, కానీ ఎవరి మీదో తెలియదు. ఊళ్లో ఒక్కరు కూడా ఆయనను తప్పని అనలేదు. వాళ్ల లెక్కలో అదే న్యాయం.

భద్రాచలంలో ఆఫీసరు లేడు. ఎప్పుడో బదిలీ అయిపోయాడట. కొత్తాయన ఇంకా రాలేదట. నాయన తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది. మడుగు నిండా చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఏరుకున్నంత ఏరుకుని వాళ్లెప్పుడో వెళ్లిపోయారు. పొట్ట పగిలిన వాలుగ గుడ్లు ఒడ్డున నురగలో కలిసిపోయాయి. నాయన ఆ చేపను ముట్టుకోలేదు, ఏడవలేదు. గోదావరి నుంచి మళ్లీ ఎక్కొస్తాయిలే అని ఎవరో ఓదార్చబోయారు. కింద చెక్‌డ్యామ్ కట్టాక అక్కడి నుంచి ఒక్క చేప ఎక్కింది లేదని అందరికీ తెలుసు.

కొన్నాళ్లకే విత్తనాల పండుగ వచ్చింది. చనిపోయిన మా పెద్దలకు ఆ పూట చేపకూర పెట్టాలి. అమ్మ సంతలో సముద్రపు ఎండుచేపలు కొనుక్కొచ్చి పులుసు పెట్టింది. నాయన పెద్దలకు వేసిన విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఏ నీళ్ల చేప అని అడిగితే వాళ్లకేం చెప్పాలె?" అన్నాడు.

చివరికి అమ్మే ఆ విస్తరిలో పులుసు వడ్డించింది.