పంతులమ్మకు అంబలి

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ట్రైనింగ్ అయిన ఏడాదే, మార్టూరుకు నాలుగు మైళ్ళ అవతల ఒక ఊరి పంచాయతీ సమితి స్కూలుకు టీచరుగా వేశారు. అరవైల మొదటి సంవత్సరాలు. ఆ వైపంతా అప్పటికి గుంటూరు జిల్లాలోదే. నేను పుట్టి పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. మిరప చేనుకూ పత్తి చేనుకూ తేడా చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని.

బయల్దేరేటప్పుడు అమ్మ ఒక డబ్బా నిండా కాఫీ పొడి పోసి, మూతకు గుడ్డ కట్టి, పెట్టెలో పెట్టింది. ఎవరింట్లో వండిందీ తినొద్దని చెప్పింది. మా ఇంట్లో ఆ పట్టింపు ఉండేది. తనకు నిజంగా అంత పట్టింపు ఉండి చెప్పిందో, చెప్పాలి కాబట్టి చెప్పిందో అప్పుడు ఆలోచించలేదు.

ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో ముందుగది అద్దెకిచ్చారు. ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది, ఒక్కగానొక్క కూతురు అత్తవారింట్లో ఉంది. ఆరెకరాల మిరప, పత్తి తానే చేయించుకునేది. ఆవిడ పొలంలో మాట్లాడితే ఊళ్ళోకి వినపడేది. నేను పెద్దమ్మగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను పంతులమ్మా అనేది, మరీ దగ్గరగా ఉన్నప్పుడు అమ్మాయ్ అనేది.

నా గదిలో కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేదాన్ని. పొద్దున లేవగానే పెద్దగ్లాసుతో కాఫీ, స్కూలు నుంచి రాగానే ఇంకొకటి. మూడు వారాలకే డబ్బా అడుగంటింది. చీరాల వెళ్ళి తెచ్చుకుందామనుకునేలోపు వానలు పట్టుకున్నాయి. నల్లరేగడి నేల. దారంతా బురదై బస్సు ఆగిపోయింది. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్లో బెల్లం, చుట్టలు, కిరసనాయిలు దొరికేవి. కాఫీ పొడి అడిగితే కొట్టాయన ఎవరికి బాగాలేదని అడిగాడు.

మర్నాడు తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర పుట్టి మెడ దాకా పాకేది. వానలో తడిసినందుకనుకున్నాను. మూడో తరగతి పిల్లలకు బోర్డు మీద తీసివేత లెక్క చేస్తూ కూడిక చేసేశాను. పిల్లలు నవ్వితే గాని తెలియలేదు. హెడ్మాస్టరుగారు కళ్ళద్దాలు కావాలేమో చూపించుకోమన్నారు. పెద్దావిడ దిష్టి అంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు తలనొప్పి రెట్టింపైంది. కాఫీ లేకపోవడం వల్ల తలనొప్పి వస్తుందని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒక్క పూటైనా కాఫీ మానిన జ్ఞాపకం లేదు మరి.

మూడో రోజు పొద్దున గోడకానుకుని కూర్చుని ఉంటే ఆవిడ కంచు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. లేత గోధుమరంగులో చిక్కగా ఏదో ఉంది, పైన ఉల్లిపాయ ముక్కలు తేలుతున్నాయి.

"రాగంబలి. చేలోకి పోయేటోళ్ళం పొద్దున్నే ఇదే తాగుతాం. తాగు."

నేను గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడకు అర్థమైంది.

"మీరు తాగకూడదని నాకు తెలుసమ్మాయ్. పెట్టడం నా వంతు. నీ ఇష్టం" అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తాగాలని నిర్ణయించుకుని తాగానని చెప్పలేను. గ్లాసు చేతిలోకి ఎప్పుడు తీసుకున్నానో కూడా గుర్తులేదు. పుల్లగా, చల్లగా, ఉప్పగా ఉంది. సగం తాగాక అమ్మ మాట గుర్తొచ్చింది. సగం తాగి ఆపితే ఏం లాభమని మిగతాదీ తాగేశాను.

తలనొప్పి ఆ రోజు తగ్గలేదు, మర్నాడూ తగ్గలేదు. ఆవిడ రోజూ గ్లాసు తెస్తూనే ఉంది. వారం తిరిగేసరికి నొప్పి పోయింది. అంబలి వల్లే పోయిందని ఆవిడ వీధంతా చెప్పింది. దానంతటదే పోయిందా, దిష్టి దిగిందా, నిజంగానే అంబలి మహిమా, నాకు తేలలేదు. ఏడున్నరకు స్కూలుకు వెళితే పదకొండు దాకా ఆకలి అనిపించకపోవడం మాత్రం నిజం. పిల్లలతో గట్టిగా ఎక్కాలు చెప్పిస్తే గొంతు అలిసేది కాదు.

వానలు తగ్గాక చీరాల వెళ్ళాను. చీర కొన్నాను, సబ్బులు కొన్నాను, అమ్మకు ఉత్తరం పోస్టు చేశాను. తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక కాఫీ పొడి కొనలేదని గుర్తొచ్చింది. బాధపడాలో వద్దో తెలియలేదు. ఉత్తరంలో అమ్మకు అంబలి సంగతి రాయలేదు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. మొదటిరోజు పొద్దున్నే అమ్మ ఎప్పటిలాగే పెద్దగ్లాసు నిండా చిక్కటి కాఫీ ఇచ్చింది. ఆ వాసనకు ప్రాణం లేచొచ్చినట్టయింది. తాగిన అరగంటకు గుండె దడదడలాడింది. తల దువ్వుకుంటుంటే దువ్వెన రెండుసార్లు జారి పడింది. అమ్మ భయపడింది, ఏమైందని నిలదీసింది. ఏం చెప్పాలో ఆలోచించకుండానే, నాలుగు నెలలుగా కాఫీ తాగడం లేదని, అంబలి తాగుతున్నానని చెప్పేశాను. ఎవరు చేసిన అంబలో కూడా చెప్పేశాను.

అమ్మ నా గ్లాసు తీసుకెళ్ళి బావి దగ్గర విడిగా పెట్టింది. అయిపోయింది, ఇక ఉద్యోగం మాన్పిస్తారనుకున్నాను. తిరిగొచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"అందులో మజ్జిగ పోస్తారా, ఉత్త నీళ్ళేనా?" అని అడిగింది.

మజ్జిగే అన్నాను. పిండి ఎప్పుడు కలుపుతారని అడిగింది. సాయంత్రం నూకలతో కలిపి ఉడికించి కుండలో ఉంచుతారని, తెల్లారాక మజ్జిగ పోసి చిలుకుతారని చెప్పాను. తలూపింది. కోపమొచ్చిందో, చేసుకుని చూద్దామనుకుందో ముఖం చూసి చెప్పలేకపోయాను. సెలవులన్ని రోజులూ మళ్ళీ ఆ మాటెత్తలేదు. వచ్చేటప్పుడు కాఫీ పొడి మాత్రం కట్టివ్వలేదు.

ఊరు చేరిన మర్నాడు పొద్దున అంబలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పెద్దావిడ పొగలు కక్కే గ్లాసుతో వచ్చింది. కాఫీ. నేను లేని రోజుల్లో చీరాల వెళ్ళి ఇత్తడి ఫిల్టరూ పొడీ కొనుక్కొచ్చిందట. చదువుకున్న పిల్లకు కూలీలు తాగే అంబలి పోస్తున్నావేమిటని ఎవరో అన్నారట. ఆవిడకది నామోషీ అనిపించింది.

పాలు తక్కువ, బెల్లం ఎక్కువ. పొడి ఫిల్టర్లోంచి కిందికి దిగిపోయి గొంతుకు అడ్డం పడింది. బాగుందన్నాను. నేను చేసిన తప్పల్లా అదే. ఆవిడ ముఖం అంత విప్పారడం అంతకుముందు చూడలేదు. ఇక రోజూ కాఫీయే. రెండు వారాల్లో చెయ్యి తిరిగింది, నిజంగానే బాగుండేది. నాకు మాత్రం గుండె దడ తగ్గలేదు. వెనక వసారాలో కుండ మూత తీస్తే పులిసిన అంబలి వాసన నా గదిలోకి వచ్చేది. అడుగుదామనుకునేదాన్ని. నా కోసం చీరాల దాకా వెళ్ళిన మనిషిని ఏమని అడగను?

మిరపకోతలు మొదలయ్యాయి. ఒక ఆదివారం పొద్దున నేను కళ్ళం వైపు వెళ్ళాను. కోతకొచ్చిన ఆడవాళ్ళు ఎర్రగా పరిచిన కాయల పక్కన కూర్చుని అంబలి తాగుతున్నారు. ఒకామె నవ్వుతూ, తాగుతావా పంతులమ్మా అంది. నేను చెయ్యి చాచాను. రెండు గుక్కలు తాగి తలెత్తేసరికి పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంది.

"కాఫీ బాగుందంటివే."

"బాగానే ఉంటుందండీ."

"బాగుంటే ఇదెందుకు తాగుతున్నావ్?"

అదీ మంచిదే, ఇదీ మంచిదే అన్నట్టు ఏదో గొణిగాను. ఆవిడ ఆ గొంతుతో అరిచి ఉంటే బాగుండేది. కాయలు తిరగేయడానికి వెళ్ళిపోయింది.

తర్వాత రెండు రోజులు నా గది ముందుకు కాఫీ రాలేదు, అంబలీ రాలేదు. ఖాళీ కడుపుతో స్కూలుకు వెళ్ళాను. మళ్ళీ తలనొప్పి. ఈసారి ఏది లేక వచ్చిందో చెప్పడం ఇంకా కష్టమైంది.

మూడోరోజు నేనే ధైర్యం చేసి వెనక వసారాలోకి వెళ్ళాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో కాఫీ గ్లాసు. కళ్ళు మూసుకుని, ఒక్కొక్క చుక్కా నోట్లో నిలుపుకుని తాగుతోంది. నన్ను చూసి దాచబోయి, ఆగిపోయింది.

"నీకోసం నేర్చుకున్నా. నీకు పడలేదు, నాకంటుకుంది. కుండలో ఉంది, పోసుకో."

నేను ముంతతో అంబలి పోసుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను. కోపం పోయిందా అని అడిగాను. కోపం ఎవరికని ఎదురడిగింది. నాకు నచ్చనిది నచ్చిందని అన్నందుకు బాధపడిందా, కూలీల చేతి ముంత అందరి ముందూ అందుకున్నందుకు తలవంపులనుకుందా అని అడిగితే, ఆవిడ గ్లాసు కడుగుతూ, నీకు లెక్కలు చెప్పడం వచ్చుగాని మనుషులతో మాట్లాడటం రాదంది. నేను అడిగినవాటిలో ఏది అవునో, ఏది కాదో చెప్పలేదు.

అక్కడున్న మూడేళ్ళూ అలాగే సాగింది. ఆవిడ కాఫీ తాగేది, నేను అంబలి తాగేదాన్ని. చూడ్డానికొచ్చినవాళ్ళు గ్లాసులు తారుమారయ్యాయనుకుని సర్దబోయేవాళ్ళు.

నరసరావుపేట వైపు బదిలీ అయినప్పుడు బస్సు దాకా వచ్చింది. కండక్టర్ని కేకలేసి ముందు సీటు ఖాళీ చేయించింది. నా పెట్టె తానే పైకందించింది. నేను కిటికీలోంచి ఏదో చెప్పబోతుంటే, చేలో మనుషులున్నారంటూ వెనక్కి తిరిగి నడిచింది. బస్సు ఇంకా పావుగంట అక్కడే ఉంది. ఆవిడ ఆ పావుగంటా ఎందుకు ఉండలేదో ఆలోచిస్తూ మార్టూరు దాకా వచ్చాను.