నర్సింగన్న మిరపకాయల లెక్క

దూరప్రయాణం చేసి అర్ధరాత్రి దాటాక గుమ్మం ఎక్కిన మనిషికి పెసరపప్పు ఖిచిడీ, పచ్చిపులుసు తప్ప మరేది పెట్టినా అది నేరమేనని నర్సింగ్ సిద్ధాంతం. దీనికి మినహాయింపులు లేవు. వచ్చినవాడు మేనేజరైనా, విమానంలో కడుపు నిండా తిన్నానని ఒట్టు పెట్టినా, ఆకలి లేదు పడుకుంటానని బతిమాలినా, నర్సింగ్ కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చునేవాడు. కంచం ఖాళీ అయ్యేదాకా లేచేవాడు కాదు. ఆ లోపల అతిథిని ఎవరూ ఏమీ అడగకూడదు. ఊళ్ళో వానలు పడ్డాయా అన్న ప్రశ్న కూడా నిషిద్ధమే.

దోహాలోని అల్ ముంతజాలో, ఒక టైలరు దుకాణం మీది అంతస్తులో, మూడు గదుల ఫ్లాట్‌ను ఎనిమిది మంది పంచుకుని ఉండేవారు. అందరిదీ జగిత్యాల, నిర్మల్ వైపు. కొత్తగా వచ్చేవాళ్ళకు క్యాంప్ గేటు తెల్లవారేదాకా తెరవరు గనుక, మొదటి రాత్రి ఈ ఫ్లాట్‌లోనే గడిచేది. వాళ్ళను విమానాశ్రయం నుంచి తీసుకువచ్చే పని కంపెనీ వ్యాన్ డ్రైవర్ జహాంగీర్‌ది. మెట్‌పల్లి మనిషి. ఏడేళ్ళలో అరవై మూడు మందిని తెచ్చి నర్సింగ్ కంచం ముందు కూర్చోబెట్టిన ఘనత అతనిది. వ్యాన్ ఎక్కగానే అతిథికి ముందే చెప్పేవాడు.

"అన్నా, ఇంట్ల ఒకాయన ఉంటడు. పెట్టింది తిను. ఎదురు మాట్లాడకు. పులుసు మాత్రం జర మెల్లగ తాగు."

"ఎందుకు?"

"తాగినంక నీకే ఎరుకైతది."

నర్సింగ్ లుసైల్‌లో ఒక నిర్మాణ సంస్థ కాంక్రీట్ పరీక్షశాలలో పనిచేసేవాడు. రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివిన మనిషి. సైట్‌కు కాంక్రీట్ లారీ రాగానే కొంత మిశ్రమాన్ని ఇనుప శంకువులో నింపి, శంకువును పైకి లేపి, ముద్ద ఎన్ని మిల్లీమీటర్లు జారిందో కొలవడం, వేడి చూడటం, నమూనా తీసి దాచడం అతని డ్యూటీ. ఈ డ్యూటీ పొద్దున ఆరింటికి మొదలయ్యేది గాని సాయంత్రం ఆగేది కాదు. ఖిచిడీ ఉడకగానే స్టీలు గ్లాసులో నింపి కంచంలో బోర్లించేవాడు. గ్లాసు ఎత్తాక ముద్ద సరిగ్గా సగానికి జారాలి. స్కేలు పెట్టి కొలిచేవాడు. జారకుండా నిలబడితే, "ఇది పిల్లరుకు పనికొస్తది, కడుపుకు పనికిరాదు" అని మళ్ళీ నీళ్ళు పోసి ఉడికించేవాడు. తర్వాత థర్మామీటరు గుచ్చేవాడు. సరిగ్గా అరవై డిగ్రీలుండాలి. అది కాంక్రీట్ ముఖం ఎరుగని కొత్త థర్మామీటరేనని అందరి ముందూ ప్రమాణం చేశాకే మిగతావాళ్ళు తినడానికి ఒప్పుకున్నారు.

అన్నీ అయ్యాక ప్రతి వంటలోనూ ఒక గిన్నెడు తీసి పక్కన దాచేవాడు. పరీక్షశాలలో దాన్ని రెండో నమూనా అంటారట. మొదటిదానికి ఏమైనా జరిగితే ఉండాలట.

"ఖిచిడీకి ఏమైతదన్నా?" అని జహాంగీర్ అడిగాడొకసారి.

"ఏం గాదు. ఏం గాదనుకున్న బిల్డింగులే పగులుతయి."

వీటన్నిటికీ ఒక రిజిస్టరు. తేదీ, అతిథి పేరు, ప్రయాణం ఎన్ని గంటలు, వేడి, జారుడు, ఉప్పు ఎన్ని గ్రాములు, చివర అతిథి అభిప్రాయం. ఏడేళ్ళ రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. ఆఖరి గడిలో మాత్రం ప్రతిసారీ ఒకే వాక్యం: 'పులుసు కారం ఎక్కువైనది. వచ్చేసారి సవరించవలెను.'

జహాంగీర్‌కు అంతుపట్టని విషయం ఇదే. ఉప్పును గ్రాముల్లో తూచే మనిషి, ఖిచిడీ జారుడును మిల్లీమీటర్లలో కొలిచే మనిషి, మిరపకాయల దగ్గరికి వచ్చేసరికి గుడ్డివాడయ్యేవాడు. పచ్చి మిరపకాయలను మంట మీద కాల్చి, చింతపండు పులుసులో ఉల్లిపాయలతో కలిపి పిసుకుతున్నప్పుడు వంటింట్లో ఎవరూ నిలబడలేకపోయేవారు. ఆ పులుసు తాగిన వడ్రంగి మేస్త్రి ఒకడు మర్నాడు అల్ రువైస్‌లో పనిలో చేరి, సముద్రం ఎదురుగా ఉన్నా నోరు చల్లారలేదని ఫోన్ చేసి చెప్పాడు. రిజిస్టరులో నర్సింగ్ అది కూడా రాసుకున్నాడు. సవరించలేదు.

ఇట్లా సాగుతున్న రోజుల్లో మెస్ బాధ్యత రయీస్ చేతికి వచ్చింది. కోరుట్ల మనిషి, లిఫ్ట్ మెకానిక్. మీటను నొక్కితే పనిచేయాలి, లేకపోతే విప్పి బాగుచేయాలి, మధ్యలో మాటలు వద్దు అనే రకం. వంటింటి తాళంచెవి అతని దగ్గర ఉండేది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మిగతా ఏడుగురినీ కూర్చోబెట్టి మాట్లాడాడు.

"నర్సింగ్ భాయ్, రెండు ముచ్చట్లు. ఒకటి, ఖిచిడీ, ఖట్టా పులుసు మా ఇండ్లల్ల పొద్దున నాష్తాకు తింటరు. రాత్రి రెండు గంటలకు ఎవడు తింటడు?"

"పంతొమ్మిది గంటలు కూసొని వచ్చినోనికి పొద్దేంది, రాత్రేంది? వాని కడుపు ఇంక విమానం మారిన మస్కట్‌లనే ఉంటది."

"మంచిగ హోటల్ నుంచి ఒక అరబ్బీ మందీ తెప్పిస్తే అయిపాయె గదా. మాంసం, బియ్యం, ఇజ్జత్."

"ఇజ్జత్ పొద్దున పెట్టు. రాత్రి అరిగేది పెట్టు."

"సరే, అది ఇడిశిపెడుదాం. రెండోది, మిరపకాయలు. పోయిన నెల వచ్చిన పోశన్న ఏడు గ్లాసుల నీళ్ళు తాగిండు. రెండు వేయి, చాలు."

నర్సింగ్ లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, కోపం వచ్చినా గొంతు పెరగదు.

"ఉప్పు తగ్గించమను, తగ్గిస్త. నూనె బంద్ చేయమను, చేస్త. మిరపకాయల జోలికి రావద్దు."

"ఎందుకు? కారణం చెప్పు."

"కారణం లేదు."

చెప్పులు ఎడమవైపే ఎందుకు విడవాలో కూడా మూడు కారణాలు చెప్పగల మనిషి అతడు.

"అట్లయితే తాళంచెవి నా దగ్గరనే ఉంటది. పదింటి తర్వాత వంటింటికి తాళం."

"పెట్టుకో. మేడ మీద పొయ్యి పెడ్త. గాలి వస్తే గొడుగు పట్టుకుంట. పోలీసులొస్తే వాళ్ళకూ పెడ్త."

ఆ తర్వాత పది రోజులకు రయీస్ సొంత అన్న ఇమామ్ సెలవు ముగించుకుని తిరిగి వస్తున్నాడని కబురు వచ్చింది. ఇమామ్ అంటే ఆ ఫ్లాట్‌లో అందరికీ కొంచెం భయం. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, క్రేన్ ఆపరేటర్. నవ్వగా చూసినవాళ్ళు ఇద్దరున్నారని ప్రతీతి. రయీస్ ఈ అవకాశాన్ని వదులుకోలేదు.

"నర్సింగ్ భాయ్, సాఫ్‌గా తేల్చుకుందాం. నేను మందీ తెప్పిస్త. నువ్వు ఖిచిడీ వండు. పులుసుల ఒక్కటే మిరపకాయ, అదీ నా కండ్ల ముందట. భాయిజాన్ ఏది తింటే అదే ఇగ రూలు. మందీ తిన్నడనుకో, వంటింటి దిక్కు రాత్రి రావద్దు నువ్వు."

అంటే నర్సింగ్ ఏడేళ్ళ వ్రతం ఒక్క కంచం మీద ఆధారపడింది. ఒప్పుకోడని జహాంగీర్ అనుకున్నాడు. నర్సింగ్ తల ఊపాడు.

"ఒక్కటే మిరపకాయ. రాసుకో."

ఇమామ్ దిగిన రాత్రి ఒకటీ నలభైకి వ్యాన్ ఎక్కాడు. ఇంటి నుంచి శంషాబాద్, శంషాబాద్ నుంచి మస్కట్, అక్కడ ఏడు గంటలు బెంచీ మీద, ఆపైన దోహా. మొత్తం పంతొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నర్సింగ్ అడుగుతాడని జహాంగీర్ ముందే లెక్కపెట్టుకున్నాడు. దారిలో ఇమామ్ ఫోన్ మోగింది.

"దుబాయ్‌ల దిగినవా బిడ్డా?" అని తల్లి గొంతు.

"దిగినమ్మా" అన్నాడు ఇమామ్. ఖతర్ అని దిద్దలేదు. ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. జహాంగీర్ పులుసు గురించి హెచ్చరించబోయి, ఈసారి అవసరం లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఫ్లాట్‌లో ఏడుగురూ మేలుకునే ఉన్నారు. నేల మీద పరిచిన ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్‌కు ఒకవైపు మందీ పళ్ళెం, దాని మీద నిండు మేక తొడ. ఇంకోవైపు నర్సింగ్ కంచం, సగానికి జారిన ఖిచిడీ, పక్కన గిన్నెలో ఒంటి మిరపకాయ పులుసు. ఇమామ్ చేతులు కడుక్కుని కూర్చున్నాడు. మాంసం మీద చేయి వేశాడు, తీశాడు.

"మస్తుగుంది రయీస్. పొద్దున తింట."

రయీస్ ముఖం చిన్నబోయింది. ఇమామ్ ఖిచిడీ కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. పులుసు ఒక గుక్క తాగాడు. అది చల్లగా, పుల్లగా, ఎవరికీ ఏ హానీ చేయకుండా దిగిపోయింది. ముద్ద మాత్రం చేతిలోనే ఉంది. దవడలు బిగుసుకున్నాయి.

"బాగలేదా, భాయిజాన్?"

"బాగుంది."

"మరి?"

"బాగుందంటున్నగదా."

ఎనిమిది జతల కళ్ళు తన మీదే ఉన్నాయని ఇమామ్‌కు తెలుసు. ఎటు తిరగడానికీ చోటు లేదు. జహాంగీర్ చూపు తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చదవసాగాడు. అప్పుడే నర్సింగ్ లేచి వంటింట్లోకి వెళ్ళి, మూత పెట్టిన గిన్నె తెచ్చి ఇమామ్ ముందుంచాడు.

"ఏందిది?" అన్నాడు రయీస్.

"రెండో నమూనా."

"దాంట్ల ఎన్ని మిరపకాయలు?"

"పందెం మొదటి నమూనాకు. దీన్ని ఎవలూ అడగలే."

ఇమామ్ గిన్నె ఎత్తి సగందాకా గటగటా తాగాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆ మీసం కింద నుంచి పెద్ద దగ్గు పుట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, రెండు కళ్ళూ ధారలు కట్టాయి.

"యా అల్లా, ఇదేం కారం."

"లెక్క తప్పింది" అన్నాడు నర్సింగ్ వినయంగా. "మాఫ్ చేయాలె."

"ఇంత కారం ఎవడన్న వేస్తడా... మొన్నటిదాక నా బిడ్డ శిఫా దగ్గరికి రాలే, పదకొండు నెలల పిల్ల, కొత్తోడనుకున్నది... ఎన్ని వేసినవయ్యా నువ్వు... నిన్న బ్యాగు సర్దుతుంటే అబ్బా అని నన్ను పిలిచింది... నోరు కాలిపోతుంది..."

అట్లా బిడ్డ ముచ్చట ఒకటి, మిరపకాయల మీద తిట్టు ఒకటి చొప్పున ఇమామ్ పది నిమిషాలు ఏడ్చాడు. ఆరడుగుల క్రేన్ ఆపరేటర్ ఏడుస్తున్నాడని ఎవరికీ అనిపించలేదు. పాపం, కారం తగిలింది. ఆ తర్వాత ముద్ద దిగింది. ఖిచిడీ అయిపోయింది. మందీలో సగం తొడ కూడా అయిపోయింది.

రయీస్ గిన్నెను దగ్గరికి లాక్కున్నాడు. అతను ఇంటికి వెళ్ళి మూడేళ్ళయింది. మెల్లగా మిగిలిన పులుసు గ్లాసులో ఒంపుకున్నాడు.

"రుచి చూస్త. మెస్ బాధ్యత ఉందిగదా నాకు."

తాగాడు. "నిజమే, చాన కారం ఉంది" అని గోడవైపు తిరిగాడు. గ్లాసు చేతులు మారింది. ఒకడు చెల్లెలి పెళ్ళికి పోలేకపోయినవాడు, ఇంకొకడు ఏం చెప్పకుండా ముక్కు తుడుచుకున్నవాడు. ఆ చప్పుడుకు నేపాలీ వాచ్‌మన్ పైకి వచ్చాడు. తలుపు తీసేసరికి ఇంతమంది మగవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరు పోయారని భయంగా అడిగాడు.

"మిర్చీ, భాయ్, మిర్చీ" అన్నారంతా. అతనికీ ఒక గుక్క ఇచ్చారు. తాగి, చెప్పులు విడిచి, వాళ్ళ మధ్యనే కూర్చున్నాడు.

గిన్నెలు కడుగుతున్నప్పుడు జహాంగీర్ నర్సింగ్ పక్కకు చేరాడు. అతనికి తన మొదటి రాత్రి గుర్తొచ్చింది. అప్పటికి పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. ఖదీజా బస్టాండులో చేయి ఊపలేదు, కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. ఆ రాత్రి పులుసు తాగి ఎంత గోల చేశాడు. ఆ కారం గురించి ఏడేళ్ళుగా అందరికీ కథలు చెప్పి నవ్వించాడు కూడా.

"అన్నా, నీకు లెక్క తప్పలేదు గదా."

"తప్పింది. రిజిస్టర్ల రాసి ఉంది, చూసుకో."

"అసలు ఎన్ని వేయాలె?"

"రెండు."

"నువ్వు ఎన్ని వేస్తవు?"

నర్సింగ్ గ్లాసును వెలుతురుకెత్తి చూసి, మళ్ళీ కడిగాడు.

"మనిషిని బట్టి. వ్యాన్ దిగంగనే ముఖం చిన్నగ చేసుకున్నోనికి నాలుగు చాలు. మంచిగున్న, ఏం కాలేదు అనేటోనికి ఏడు. మీసమున్నోనికి తొమ్మిది."

"నాకెన్ని వేసినవ్?"

"నువ్వు జోకులు చెప్పుకుంట వచ్చినవు" అన్నాడు నర్సింగ్. "పదకొండు."

రయీస్ వంటింటి గడపలోకి వచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తాళంచెవిని పొయ్యి పక్కనున్న మేకుకు తగిలించాడు. రిజిస్టరు తీసి, ఆ రోజు వరుసలో 'వచ్చేసారి సవరించవలెను' అన్న మాటలు చదివి, పెన్ను అడిగి, వాటిని అడ్డంగా కొట్టేశాడు. ఏడేళ్ళ రిజిస్టరులో అదే మొదటి కొట్టివేత. నర్సింగ్ ప్రాణం విలవిలలాడింది.

"వచ్చే గురువారం రాత్రి మా మామ వస్తుండు" అన్నాడు రయీస్, ఎటో చూస్తూ. "మా అత్త పోయినంక మొదటిసారి ఇల్లు కదులుతుండు. నలబై రోజులాయె, ఒక్కసారి కూడ కండ్లు తడి చేసుకోలేదట."

"ఏం పని చేసేటోడు?"

"హెడ్ కానిస్టేబుల్. రిటైరయిండు."

నర్సింగ్ ఫ్రిజ్ తెరిచి, మిరపకాయల సంచీ బయటికి తీసి, ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఇరవై రెండు ఉన్నాయి.

"చాలవు" అన్నాడు.