మాస్టారు వదిలిన చోటు

మా కీబోర్డు మాస్టారు మంగళవారం పొద్దున్న పోయారు. అంతకు మూడు నెలల ముందు ఆయన్ని చర్చిలో కీబోర్డు ముందు కుర్చీలోంచి లేపేసింది మా సంఘ పెద్దలు. ఆ తప్పుకు దారి తీసింది నేను. రెండూ రాస్తున్నాను.

మాస్టారి బావమరిది దోహా నుంచి ఒక పెట్టె తెచ్చారు. దాని మీద వరసగా పైకీ కిందకీ జరిగే ఎనిమిది మీటలు, ఫేడర్లంటారు. దాన్ని కీబోర్డుకు తగిలించి, వయొలిన్ ఎంత లేవాలో, డ్రమ్ము ఎంత తగ్గాలో మాస్టారు మీటలు జరిపి కుదుర్చుకునేవారు. పాటకో నంబరిచ్చి దాచేవారు. మళ్లీ ఆ నంబరు నొక్కితే లోపల మోటార్లు తిరిగి, మీటలు వాటంతటవే ఆ చోట్లకు వెళ్లి ఆగేవి.

మొదటిసారి చూసినప్పుడు ఒకదాన్ని వేలితో ఆపబోయాను.

“పట్టుకోకు నాయనా. నిన్న నేను వదిలిన చోటికే వెళ్తోంది, వెళ్లనీ.”

తువ్వాలుతో వేళ్లు తుడుచుకోనిదే పెట్టెను ముట్టుకునేవారు కాదు. మా ముక్తేశ్వరంలో ఎవరు పోయినా పిలవకుండానే వచ్చేవారు. పోయినవాళ్లని సాగనంపే భూస్థాపన పాటకు మాత్రం మీటలన్నీ సగానికి దించేసేవారు.

“వెనకాలోళ్లకి వినపడదండీ మాస్టారూ,” అన్నానోసారి.

“వినపడక్కర్లేదు. ఏడ్చేవాళ్లకి చోటుండాలి కదా.”

యంత్రం మనిషి పొట్ట కొడుతుందని కరపత్రాల్లో చదివి, కనపడ్డవాళ్లందరితో వాదించినవాణ్ని నేను. ఆ నేనే గొప్పకు పోయి, పెద్దల్ని పిలుచుకొచ్చి, నంబరు నొక్కి మీటలు వాటంతటవే కదలడం చూపించాను.

“అదే వాయించేసుకుంటోంది కదండీ. ఇంక మాస్టారెందుకూ?” అన్నారొకాయన.

“ఆయ్, నిజమేనండి,” అన్నారు మిగతావాళ్లు.

పెట్టె ఏమీ వాయించదనీ, కదిలేది ఆయన చెయ్యేననీ నేను మొత్తుకునేసరికి తీర్మానం అయిపోయింది. మాస్టారు పెట్టెను చర్చికే వదిలేశారు. “మంచిదండీ. ఏడో నంబరు మాత్రం చెరపకండి,” అన్నారంతే. ఏడు భూస్థాపన పాట.

బుధవారం ఆయన్ని సాగనంపేటప్పుడు ఆ ఏడు ఎవరికీ గుర్తు రాలేదు. నంబర్లు నొక్కడానికని కొత్తగా పెట్టుకున్న కుర్రాడు రికార్డు పాట హోరెత్తించాడు. మాస్టారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ఏడవడం చూశాం. వినలేదు.

ఆదివారం పెట్టెలోవన్నీ చెరిపేసి కొత్త పాటలు ఎక్కిస్తారట. ఏడో నంబరును చెరపనివ్వను.

శనివారం సాయంత్రం ఐదింటికి అందరూ చర్చికి రండి. పెద్దలూ రండి. ప్రసంగాలు వద్దు, నాది కూడా. అమ్మగారు ముందు వరసలో కూర్చుంటారు. నేను ఏడు నొక్కుతాను. ఎనిమిది మీటలూ మెల్లగా దిగి సగంలో, ఆయన వదిలిన చోట ఆగుతాయి. ఎవరూ పట్టుకోవద్దు.