పెద్దమ్మ తీగెకు గుచ్చిన ముక్కలు

మా పెద్దమ్మ కుట్టుమిషను పక్కన గోడకు ఒక ఇనప తీగె వేలాడుతుంది. ఇంట్లో ఎవరికి ఏం కుట్టినా, మిగిలిన గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, దానికో చీటీ కుట్టి, ఆ తీగెకు గుచ్చాల్సిందే. అమ్మమ్మ మొదలుపెట్టిన పని అది. అడుగున ఉన్న ముక్కలన్నీ వెలిసిపోయి ఒకే రంగుకు వచ్చాయి. చీటీ చదివితే తప్ప తాతయ్య పెళ్ళిచొక్కా ఏదో, నా పొత్తిగుడ్డ ఏదో తెలియదు.

పెద్దమ్మది ముక్కుసూటి వ్యవహారం. చీటీలో కూడా మొహమాటం ఉండదు. పెదనాన్న చొక్కాముక్కకు "ఈ రంగు నప్పదు, చెప్తే వినడు" అని ఉంటుంది. ఆయన చదువుకుని నవ్వుకుంటాడు. మా అమ్మ నవ్వలేదు. తన ఉన్నికోటు చీటీలో "చెల్లి ఒళ్ళు చేసింది. రెండుసార్లు విప్పి కుట్టాను" అని చూసి, కోటు భుజాన వేసుకుని విసవిసా వెళ్ళిపోయింది. అప్పటినుంచి అమ్మ బట్టలు బజారులో దర్జీకి ఇస్తోంది. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

నాకు ఒళ్ళు మండేది. చీటీ చింపి పారేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా? పెద్దమ్మతో ఆ మాటే అంటే, చింపితే అమ్మమ్మ ఊరుకుంటుందా అంది, అమ్మమ్మ పోయి ఎన్నేళ్ళయిందో తెలియనట్టు. ఆమె బెంగ వేరే. తీగె మీద అందరి ముక్కలూ వచ్చి చేరుతున్నాయి, చెల్లెలివి ఆగిపోయాయి. అలా ముక్కలు ఆగిపోయినవాళ్ళందరూ ఇప్పటిదాకా చనిపోయినవాళ్ళే. అది తలచుకుంటే పెద్దమ్మకు ముద్ద దిగడం లేదు.

"మాట్లాడకపోతే మానెయ్యమను. ముక్క మాత్రం పంపమను," అంది నాతో.

ఇంటికొచ్చి చెప్పాను. కూరగాయలు తరుగుతున్న అమ్మ చాకు పక్కన పెట్టి లోపలికెళ్ళింది. బీరువాలోంచి ఒక పెద్ద పిన్నీసు తెచ్చింది. దానికి గుత్తిగా గుడ్డముక్కలు. దర్జీ కుట్టిన ప్రతి బట్టలోంచీ అడిగి మరీ తెచ్చుకుందట. చీటీలు కూడా తనే రాసి కుట్టింది.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. పెద్దమ్మ ఆ గుత్తిని కిటికీ దగ్గర పట్టుకుని ఒక్కొక్క చీటీ చదివింది. చివరిదాంట్లో "నడుము మళ్ళీ బిగుతు. అక్కయితే ముందే వదులు పెట్టేది" అని ఉంది.

పెద్దమ్మ మెడలోని టేపు తీసి, చేతులు ఎత్తమంది. అమ్మ ఎత్తింది. టేపు నడుము చుట్టూ తిరిగి వచ్చి ఆగింది.

"ఎంతొచ్చిందక్కా?" అని అడిగింది అమ్మ.

పెద్దమ్మ చెల్లెలి భుజం మీద తల ఆనించి ఏడుస్తోంది.